ఆడపిల్లలకు చూపించడానికి మంచి ఉద్యమ డాక్యుమెంటరీలు చెప్పండి

ప్రశ్న:
మా హైస్కూల్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు నెలకో డాక్యుమెంటరీ చూపిద్దామనుకుంటున్నాను. భూమి, నీళ్లు, అడవి కోసం నిలబడ్డ ఆడవాళ్ల గురించి కావాలి. దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు 1:
మేడమ్, కెన్యా పర్యావరణ ఉద్యమకారిణి వంగారి మాథాయ్ మీద 2008లో వచ్చిన 'టేకింగ్ రూట్' చూపించండి. వంటచెరకు దొరక్క, వాగులు ఎండిపోయి కెన్యా పల్లెల్లో ఆడవాళ్లు పడే అవస్థ చూసి, 1977లో వాళ్లతోనే మొక్కలు నాటించడం మొదలుపెట్టారావిడ. అక్కడితో ఆగలేదు. నైరోబీలోని ఉహురు పార్కులో 60 అంతస్తుల భవనం కడతామంటే సర్కారుకు ఎదురు నిలిచి ఆపించారు. 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

నేను మా అమ్మ పక్కన కూర్చుని, మాటలు తెలుగులో చెబుతూ చూశాను. వంటచెరకు సంగతి రాగానే అమ్మ నడినెత్తి తడుముకుని, "నేనూ మూడు మైళ్లు మోసేదాన్ని రా" అంది. పెళ్లికి ముందు సంగతట. నాకు ఎప్పుడూ చెప్పలేదు. మీ పిల్లలను వాళ్ల అమ్మమ్మలతో కలిసి చూడమనండి.

జవాబు 2:
జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ మహిళలను మరవకండి. దళిత రైతు మహిళలు తామే కెమెరా పట్టారు. వరంగల్‌లో బీటీ పత్తి (జన్యువులు మార్చిన పత్తి) చేలకు మళ్లీ మళ్లీ వెళ్లి, మూడేళ్లపాటు రైతుల గోడు చిత్రీకరించారు. అంతా తెలుగే.

ప్రశ్న వేసినవారు:
అయితే ముందు పస్తాపూర్ వాళ్లదే వేస్తాను. మా పిల్లల్లో సగంమంది పత్తి తీసి బడికొచ్చేవాళ్లే.