ఆర్కిడ్ డాటీబ్యాక్ దూకుడు తగ్గించే మార్గం తెలియజేయగలరు

ఎర్ర సముద్రానికే పరిమితమైన ఆర్కిడ్ డాటీబ్యాక్ అనే చిన్న చేప, దాని బంధువైన నియాన్ డాటీబ్యాక్ కంటే సాధువని, అందులోనూ ట్యాంకులో పుట్టి పెరిగినవి మరింత నెమ్మదస్తులని చదివి ఒకదాన్ని మా రీఫ్ అక్వేరియంలో (పగడాలుండే ఉప్పునీటి తొట్టిలో) పెంచుతున్నాను. రాళ్ల సందుల్లోంచి బ్రిసిల్ పురుగులను (ఒంటినిండా నూగు ముళ్లుండే పురుగులను) లాగి తింటూ (ఆ పని మాత్రం అద్భుతంగా చేస్తుంది) ఇన్నాళ్లూ తన మానాన తాను తిరిగేది. ఇటీవల వదిలిన ఫైర్‌ఫిష్ ఈ డాటీబ్యాక్ గుహ దరిదాపులకు వస్తే చాలు, రెక్కలు విప్పి మీదికి దూసుకుపోతోంది. పాత క్లౌన్‌ఫిష్‌ల జోలికి మాత్రం పోవడం లేదు. ట్యాంకులో పుట్టినంత మాత్రాన స్థలంపై పట్టుదల తగ్గదని నా అనుమానం. రాళ్ల అమరిక మార్చడం మేలా, లేక డాటీబ్యాక్‌నే కొన్నాళ్లు చిల్లుల పెట్టెలో ఉంచి, ఫైర్‌ఫిష్ కుదురుకున్నాక వదలడం మేలా? ఈ జాతిలో ఆడవి మగవిగా మారగలవు కనుక, చిన్నదాన్ని జతగా తెస్తే శాంతిస్తుందా, గొడవ ముదురుతుందా? స్వయంగా పెంచినవారు దయచేసి చెప్పగలరు.