అప్‌డేట్: కరస్పాండెన్స్ చెస్‌లో ఇంజిన్ వాడొచ్చా అని అడిగాను కదా

ఎత్తుకి రోజుల టైముండే ఆన్‌లైన్ టోర్నీలో పుస్తకాలు, ఇంజిన్ (మంచి ఎత్తు లెక్కేసి చెప్పే చెస్ ప్రోగ్రామ్) చూసుకోవచ్చా అని అడిగితే సగంమంది తప్పేం లేదన్నారు, సగంమంది మోసమన్నారు. తేడా ఎక్కడ ఆడుతున్నామన్న దాంట్లో ఉందట. ఐసీసీఎఫ్ (అంతర్జాతీయ కరస్పాండెన్స్ చెస్ సమాఖ్య) టోర్నీల్లో ఇంజిన్ వాడొచ్చని నిబంధనల్లోనే ఉంది. పైస్థాయిలో దాదాపు అన్నీ డ్రాలే కావడానికి పెద్ద కారణం అదే. లిచెస్, చెస్.కామ్ సైట్లలో మాత్రం ఇంజిన్ కుదరదు, ఓపెనింగ్ డేటాబేస్ (ఆట మొదట్లో ఎవరెవరు ఏ ఎత్తులు వేశారో చూపే రికార్డు) వరకూ ఓకే.

నేను లిచెస్‌లో చేరాను. ఇంజిన్లు పోట్లాడుకుంటుంటే నేను గుమాస్తాగిరీ చేయడమెందుకు?

డేటాబేస్ చూడొచ్చని తెలిశాక కారో-కాన్ (నల్లపావుల వాళ్లాడే ఓ ఓపెనింగ్) సరిగ్గా చదివాను. అందులో అడ్వాన్స్ అనే వేరియేషన్‌లో మన బిషప్ ఎఫ్5కి వచ్చాక తెల్లవాళ్లు హెచ్4 వేస్తే, అలవాటుగా ఈ6 వేశామో అయిపోయాం: జీ4, ఎఫ్3, హెచ్5 వరసగా పడి బిషప్ పోతుంది. ముందే హెచ్5 వేసుకోవాలి. నిమిషాల్లో అయిపోయే బ్లిట్జ్‌లో ఇదంతా ఎవడు ఆలోచిస్తాడు!

టైమెలా అన్నవాళ్లకి: సిల్క్‌బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ ఉండగా బెంగళూరులో టైముకేం కరువు? బస్సులో అనాలిసిస్ బోర్డు మీద పావులు కదుపుతూ చూస్తాను, ఎత్తు మాత్రం రాత్రి ఇంటికొచ్చాకే వేస్తాను. కండిషనల్ మూవ్స్ (అవతలివాళ్లు ఇది వేస్తే నాది ఇదీ అని ముందే పెట్టేయడం) పెట్టుకోమన్న అన్నకి థ్యాంక్స్, పావుల మార్పిళ్ల దగ్గర బాగా పనికొస్తున్నాయి. ఇంకా రెండు గేములు నడుస్తున్నాయి, ఒకదాంట్లో రూక్ ఎండింగ్‌లో (చివరికి రూక్‌లు, బంట్లే మిగిలిన దశ) నాకో బంటు ఎక్కువుంది.