బొమ్మలు దాచి విడతలుగా ఇవ్వాలా, అన్నీ అందుబాటులోనే ఉంచాలా?

బరంపురం_బడిబాట
రెండు గదుల అద్దె ఇల్లు, 3 ఏళ్ల పాప, 6 ఏళ్ల బాబు. రథయాత్ర అంగళ్లలో కొన్నవి, పుట్టినరోజులకి వచ్చినవి, ఏటికొప్పాక లక్కపిడతలు, బ్యాటరీ కార్లు, తెలుగు–ఒడియా అక్షరాల దిమ్మలు అన్నీ కలిపి మూడు గోనెసంచులు. సగానికి పైగా అటకెక్కించి పదిహేను రోజులకోసారి మార్చి ఇమ్మని కొందరంటారు. దాచడం తప్పు, అన్నీ అందేలా సర్దమని ఇంకొందరు. ఏది నిలబడుతుంది? వానాకాలం అటక చెమ్మగిల్లుతుంది, అదీ చూసి చెప్పండి.

గజపతి_గంప
నా ఓటు మార్చి ఇవ్వడానికే. కళ్లెదుట ఎక్కువుంటే పిల్ల ఒకటి తీసి, ఇంకోటి చూసి, మొదటిది పారేస్తుంది. అమెరికాలో టొలెడో విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ప్రచురించిన పరిశీలనలో ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల పిల్లలు 36 మందిని ఒకసారి 4 బొమ్మలతో, ఒకసారి 16 బొమ్మలతో ఆడనిచ్చారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు ఆడారు, దాన్నే ఎక్కువ రకాలుగా వాడారు.

పిల్లలు పడుకున్నాక దుప్పటి పరిచి సంచులు కుమ్మరించండి. విరిగినవి, జత పోయినవి ముందు ఏరెయ్యండి. మిగతావాటిని సైజుని బట్టి కాదు, ఆటని బట్టి విడదీయాలి: కట్టేవి, వంటాట–డాక్టరాట సామాన్లు, దొర్లేవి, బుర్రకు పని పెట్టేవి. ఒక్కో రకంలోంచి ఒకటీ రెండూ తీసి నాలుగు మూటలు కట్టండి. చాలామంది చేసే పొరపాటు ఏటంటే, ఒక మూటంతా కార్లు, ఇంకో మూటంతా పజిల్సు. అలా కడితే మూట మారినప్పుడల్లా ఒక ఆటే ఇంట్లోంచి మాయం. పజిల్ ముక్కల వెనక ఒకదానికి చుక్క, ఒకదానికి గీత, ఇలా స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టుకోండి, లేకపోతే రెండో మార్పుకే ముక్కలు కలిసిపోతాయి.

పాపకి 6–8, బాబుకి 8–10 చాలు. డాక్టరు కిట్టు మొత్తం ఒకటే లెక్క. మార్చినప్పుడు సగమే మార్చండి. పక్కలో పెట్టుకుని పడుకునే బొమ్మ, బంతి, కాగితం–క్రేయాన్లు ఎప్పుడూ అటకెక్కకూడదు.

అటకెందుకు
ఆ పరిశీలన గురించి సగమే చెప్పారండీ గంపగారూ. ఒక్కో విడత 15 నిమిషాలు. ఆడింది ఇంట్లో కాదు, విశ్వవిద్యాలయం గదిలో. పిల్లలు మూడేళ్లు నిండనివాళ్లు. దాన్ని తెచ్చి ఆరేళ్ల గుంటడికి తగిలిస్తే ఎలా?

ఆ వయసులో ఒకే ఆట రోజుల తరబడి సాగుతుంది. దిమ్మలతో స్టేషను కడతాడు, పట్టాల మీద ఆవు బొమ్మ నిలబెడతాడు, వంటాట గిన్నెలో టీ అమ్ముతాడు. ఆవు రెండో మూటలో, గిన్నె మూడో మూటలో ఉంటే ఆ స్టేషన్లో రైలూ ఆగదు, టీ కొట్టూ తెరవరు.

అసలు జబ్బు బొమ్మలు ఎక్కువవ్వడం. అటక దాన్ని కప్పెడుతుందే గానీ తగ్గించదు. నేల ఖాళీగా కనిపిస్తే మళ్లీ కొంటారు. దానికి బదులు 60 సెంటీమీటర్లు మించని అలమర, మూతల్లేని ట్రేలు పెట్టండి. ట్రే లోతు 15 సెంటీమీటర్లు దాటకూడదు. లోతైన గంపలో అడుగున ఉన్నది కావాలంటే పిల్ల మొత్తం బోర్లించాల్సిందే, అల్లరి దానిది కాదు, గంపది. ట్రే ముందు లోపలి వస్తువు ఫొటో అంటించండి. ట్రేలో పట్టకపోతే ఒకటి బయటికి వెళ్లాలి: అంగన్‌వాడీకో, చుట్టాల పిల్లలకో. అలమరను ఎల్ ఆకారం బిళ్లతో గోడకి బిగించడం మర్చిపోవద్దు, పిల్లలు అరలెక్కితే అది ముందుకి ఒరుగుతుంది. పాత ఇనప్పెట్టె వాడదామనుకుంటే వద్దు. మూత వేలి మీదా మెడ మీదా పడుతుంది, దాక్కుంటే లోపల ఊపిరాడదు.

లక్కపిడత
మీ ఇద్దరి తగువు తర్వాత తేల్చుకోండి. అటకెక్కే సామాను అక్కడ ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు.

లక్కబొమ్మలు అంకుడు కర్రతో తరిణి మీద చేసి, వేడి చేసి లక్క పూసినవి. ఎండకి కాగే రేకు కప్పు కింద మూట కట్టి పెడితే లక్క మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి, విడదీసేటప్పుడు పూత ఊడొస్తుంది. శానిటైజరు అస్సలు పనికిరాదు, లక్క స్పిరిట్లో కరుగుతుంది, రంగు గుడ్డకి వచ్చేస్తుంది. నానబెట్టినా కర్ర ఉబ్బి పగులుతుంది. పొడి గుడ్డతో తుడవండి, మొండి జిడ్డుంటే తడి గుడ్డతో ఒక్కసారి తుడిచి వెంటనే నీడన ఆరబెట్టండి.

గుడ్డబొమ్మలకి పైపై ఆరడం చాలదు, లోపలి దూదిలో తడి మిగిలితే మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో వారానికే బూజు పడుతుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా అవి పాత నూలు చీర మూటలోనే ఉండాలి, గోడకి జానెడు ఎడంగా. ఎలకలుంటే మాత్రం డబ్బాయే దిక్కు, అప్పుడు మూతకి నాలుగు సన్న రంధ్రాలు.

కలరా ఉండలు వెయ్యకండి. ఆ నాఫ్తలీన్ ఉండల్ని పిల్లలు పిప్పరమెంటు అనుకుని మింగుతారు. జీ6పీడీ లోపం (ఎర్రరక్తకణాలను కాపాడే ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువవ్వడం) ఉన్న పిల్లలకైతే అది ఎర్రరక్తకణాలను చిదిపేస్తుంది. కొన్ని రకాల ప్లాస్టిక్కుని కూడా మెత్తబరుస్తుంది.

బ్యాటరీలు తీశాకే ఏ కారైనా పైకి వెళ్లాలి. లోపలే ఉంటే కారి స్ప్రింగుని తినేస్తుంది. ఆల్కలైన్ సెల్లు కారితే తెల్లటి పెచ్చు కడుతుంది. చేతికి తొడుగేసుకుని, దూదిపుల్లని వెనిగర్లోనో నిమ్మరసంలోనో ముంచి తుడవండి, ఆరాకే కొత్త సెల్లు వెయ్యండి. బటన్ సెల్లు మూతకి స్క్రూ లేని బొమ్మ ఇంట్లోనే వద్దు. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చగలదు, ఇంట్లో చిట్కాలతో ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిన పని.

ఏరేటప్పుడు ఇంకోటి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. నమోదైన చేతివృత్తులవాళ్ల బొమ్మలకీ, జి.ఐ. గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) ఉన్నవాటికీ మినహాయింపు. ఏటికొప్పాక బొమ్మలకి ఆ గుర్తింపు 2017లో వచ్చింది కాబట్టి వాటి మీద గుర్తు లేదని పారేయకండి. యాత్ర అంగట్లో కొన్న, గుర్తు లేని, రంగు పెచ్చులూడే ప్లాస్టిక్కే ముందు పోవాలి.

రాయగడ_రెండుబళ్లు
3 ఏళ్లూ 6 ఏళ్లూ ఒకే గదిలో ఉన్నప్పుడు మార్పిడి కంటే ముందు ఎత్తు ముఖ్యం. బొమ్మల పరీక్షలో చిన్న ముక్కల్ని పట్టించే గొట్టం వ్యాసం 31.7 మి.మీ. పది రూపాయల బిళ్ల 27 మి.మీ., అంతకంటే కాస్త వెడల్పు అనుకోండి. ఆ గొట్టంలో పట్టేది పాపకి అందకూడదు. వామనగుంటల చింతగింజలు, గవ్వలు, బాబు సన్న దిమ్మలు అన్నీ దాని కిందికే వస్తాయి. అవి పై అరలో, బల్ల మీద మాత్రమే ఆడేవి.

అక్షరాల దిమ్మలు రెండు భాషలవీ ఒకే ట్రేలో వెయ్యొద్దని నా అభిప్రాయం. ఒడియా ‘ఠ’ అచ్చం మన సున్నాలా గుండ్రం, కుప్పలో అది ఏ భాషదో పెద్దవాళ్లే తేల్చలేరు. రెండు రంగుల ట్రేలు, రెండూ కిందే. అక్షరాల్ని విడతల్లో దాచడం దండగ.

గజపతి_గంప
ఆవు–స్టేషను మాట ఒప్పుకుంటాను అటకెందుకుగారూ. దిమ్మలు, జంతువులు, వంటాట గిన్నెలు ఎప్పుడూ కిందే ఉండనివ్వండి. తిప్పాల్సింది ఒకే పని చేసేవి: మీట నొక్కితే పాడేవి, పజిల్సు, బ్యాటరీ కార్లు. పదిహేను రోజులన్న లెక్క కూడా గట్టిది కాదు. నాలుగైదు రోజులు ముట్టని బొమ్మ పైకి వెళ్తుంది. రోజూ ముట్టేది నెలైనా కిందే. కట్టిన స్టేషను నిలబడి ఉండగా మాత్రం ఏదీ కదపకండి.

అటకెందుకు
ఆ లెక్కన పైకెక్కేది ఒక్క సంచి. ఆ సంచి ఇచ్చేస్తే సరిపోదూ?

బరంపురం_బడిబాట
చివరిగా ఒక్కటి. బాబు అటకవైపు చూపించి ఎర్ర కారు కావాలంటే తియ్యాలా?

గజపతి_గంప
తియ్యండి. బదులుగా ఏది పైకి వెళ్లాలో వాడినే ఎంచమనండి. మీరు ఎంచితే ఏడుపే.

అటకెందుకు
పేరు పెట్టి అడుగుతున్నాడంటే అది అటక మీది సరుకు కాదండీ. తీసి, సెల్లు వేసి, కిందే ఉంచేయండి.