1879లో ఒహాయోకు వచ్చిన ముత్తాత, 1871 బర్స్‌లెమ్ మనిషి ఒకరేనా?

ఒహాయో కోడలు: మా వారి ముత్తాత ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌షైర్ నుంచి వచ్చి అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఈస్ట్ లివర్‌పూల్ పింగాణీ కర్మాగారంలో చేరారు. అప్పట్లో ఆ ఊరికి పనివాళ్లు ఎక్కువగా అక్కడి నుంచే వచ్చేవారు. 1900 అమెరికా జనగణనలో ఆయన 1852 మార్చిలో పుట్టి, 1879లో వచ్చినట్టు, పెళ్లయి 19 ఏళ్లయినట్టు, అంటే 1881 ప్రాంతంలో పెళ్లయినట్టు ఉంది. 1871 ఇంగ్లండ్ జనగణనలో స్టాఫర్డ్‌షైర్‌లోని బర్స్‌లెమ్‌లో అదే పేరు, అదే పని, వయసు 22. పక్కనే భార్య, ఒక పాప. ఈయన ఆయనేనా?

పాతకాగితాలు: కాదు. మూడేళ్ల తేడా ఉంది. పేరు చాలా మామూలుది. ఇంగ్లండ్‌లో 1837 జులై నుంచి జననాలు నమోదవుతున్నాయి, ముందు ఆ పత్రం తెప్పించండి.

కావేరి: న్యూయార్క్ దగ్గర వలస వచ్చినవాళ్లను తనిఖీ చేసిన ఎల్లిస్ ద్వీపంలో పేరు మార్చేసి ఉంటారేమో?

పాతకాగితాలు: ఎల్లిస్ ద్వీపం తెరిచింది 1892లో. అక్కడ కూడా అధికారులు ఓడ జాబితా చూసి ప్రశ్నలు అడిగేవారు, కొత్త పేర్లు పెట్టలేదు.

గుంటూరు మాస్టారు: వయసు పట్టుకుని కాదనడం అన్యాయం. బడిలో చేర్చేటప్పుడు నాకు రెండేళ్లు ఎక్కువ రాశారు. ఆ కాగితం వల్ల రెండేళ్ల ఉద్యోగం పోయింది, ఎంత తిరిగినా దిద్దలేదు. కాగితం మీది వయసు ఎవరి నోటి మాటో!

ఒహాయో కోడలు: జనన పత్రం వచ్చింది, 1849 మార్చి. తల్లి పుట్టింటి ఇంటిపేరు ఒహాయో మరణ పత్రంలో ఉన్నదే.

పాతకాగితాలు: మరణ పత్రానికి వివరాలిచ్చింది కొడుకు. నాయనమ్మను ఆయన ఎన్నడైనా చూశారా? 1881లో బర్స్‌లెమ్‌లో ఆ కుటుంబం ఎలా ఉందో చెప్పండి.

ఒహాయో కోడలు: చూశాను. ఆమె, ఇద్దరు పిల్లలు. 'వివాహిత' అని ఉంది, ఇంట్లో భర్త లేడు. 1891లో 'వితంతువు'. ఆయన 1911 దాకా ఇక్కడే బతికారు.

గుంటూరు మాస్టారు: అమ్మా, ఇక్కడితో ఆపండి. అత్తవారింటి పెద్దను నలుగురిలో పెట్టడం కోడలికి తగదు.

ఒహాయో కోడలు: మాస్టారూ, వయసు తప్పని వాదించినప్పుడు అడ్డురాని మర్యాద ఇప్పుడెలా వచ్చింది? ఆ ఇద్దరు పిల్లలకూ వారసులుంటారు. వాళ్ల వంశవృక్షంలో ఆయన కొమ్మ 1871 దగ్గర ఆగిపోయి ఉంటుంది. మా వంశవృక్షంలో నేను బహిరంగంగా రాసింది మా ఆడపడుచు కూడా తీసేయమంటోంది. తీయను.

పాతకాగితాలు: నా అభ్యంతరం మొదటి నుంచీ ఇదే. ఒకసారి బహిరంగంగా పెడితే వందమంది నకలు చేసుకుంటారు, తర్వాత తప్పని తేలినా పోదు. ఒహాయో పెళ్లి రికార్డు, ఓడ జాబితా చూడకుండా ఒక మనిషి మీద రెండో పెళ్లి మోపకండి. అదే నిజమైనా మోసగాడని రాయకండి. ఇంగ్లండ్‌లో 1857 విడాకుల చట్టం తర్వాత కూడా అప్పట్లో విడాకులకు లండన్ కోర్టుకే వెళ్లాల్సి వచ్చేది, కూలి మనిషికి ఆ ఖర్చు అందేది కాదు.

ఒహాయో కోడలు: ఆమెకు అందిందా? మోసగాడని నేనెక్కడా రాయలేదు. ఆమె పేరు, పిల్లల పేర్లు, 1881, 1891 వివరాలు రాశాను. పెళ్లి రికార్డుకు ఈరోజే కౌంటీ కోర్టుకు రాస్తున్నాను.

గుంటూరు మాస్టారు: వచ్చాక కూడా నా మాట అదే.