పిజ్జా పిండి: రెండు గంటల్లో పొంగేదాన్ని రోజంతా ఫ్రిజ్‌లో ఎందుకు దాచాలి?

పిండిచేతులు

అక్కాచెల్లెళ్ల తగువు ఇది. ఇంట్లో ఎటూ తెగక ఇక్కడికి తెచ్చాను, మీరే తీర్పు చెప్పండి.

నా లెక్క ఇది: అర కిలో మైదా, 325 గ్రాముల గోరువెచ్చటి నీళ్లు, 10 గ్రాముల ఉప్పు, చెంచాడు పంచదార, రెండు చెంచాల ఆలివ్ నూనె, 7 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్. అన్నీ కలిపి పది నిమిషాలు బాగా పిసుకుతాను. నూనె రాసిన గిన్నెలో వేసి మూత పెడితే గంటా గంటంబావులో రెట్టింపవుతుంది. మూడు ముద్దలు చేసి, పావుగంట తీరిక ఇచ్చి, చేత్తో సాగదీసి ఓవెన్‌లోకి తోస్తాను. మొదలుపెట్టిన రెండు గంటలకి పళ్లెంలో పిజ్జా. ఇంతవరకు ఎవరూ ముక్క వదిలింది లేదు.

మా చెల్లెలు మాత్రం ఒక్క కొరుకు కొరికి, "అది పిజ్జా కాదక్కా, చీజ్ కప్పుకున్న బన్ను" అంటుంది. తను ఈస్ట్ చిటికెడంత వేసి, పిండిని రోజంతా ఫ్రిజ్‌లో పెడుతుంది. ఒక్కోసారి రెండు రోజులు. పొంగడమే కదా కావాల్సింది? అది గంటలో అయిపోయాక మిగతా ఇరవై మూడు గంటలు పిండి అక్కడ ఏం చేస్తున్నట్టు?

నిదానం

మీ చెల్లెలి పక్షమే నేను. మీ ఆఖరి ప్రశ్నకే జవాబు చెబుతా.

పొంగడం, పులియడం ఒకటి కాదండీ. పొంగడం అంటే ఈస్ట్ చక్కెర తిని గ్యాస్ వదలడం. ఏడు గ్రాములు వేస్తే గంటలో అయిపోతుంది, నిజమే. కానీ పిండిలో ఈస్ట్ ఒక్కటే పనిచేయదు. గోధుమలో సహజంగా ఉండే ఎంజైములు పిండి పదార్థాన్ని కోసి చక్కెరలుగా, ప్రొటీన్‌ని కోసి అమైనో ఆమ్లాలుగా మారుస్తుంటాయి. ఆ పని నిదానంగా సాగుతుంది. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఈస్ట్ దాదాపు నిద్రపోతుంది, ఎంజైములు మాత్రం మెల్లగా వాటి పని అవి చేసుకుంటూనే ఉంటాయి. రొట్టె ఎర్రగా కాలి మంచి వాసన రావాలంటే ఈ చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి వేడెక్కాలి. గంట పిండిలో అవి తక్కువ, అందుకే మీ అంచు తెల్లబోయి ఉంటుంది. (చూడకుండానే చెబుతున్నాను. తప్పైతే ఫొటో పెట్టి నా నోరు మూయించండి.)

ఇంకోటి, అర కిలోకి 7 గ్రాముల ఈస్ట్ అంటే ఆ ఈస్ట్ వాసన రొట్టెలో మిగులుతుంది. నేను అర టీస్పూను, అంటే గ్రామున్నర వేస్తాను. చల్లటి నీళ్లతో కలిపి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టేస్తాను. 24 గంటలకి బాగుంటుంది, 48కి ఇంకా బాగుంటుంది.

ఆకలివేళ

రంగు కోసమైతే ఇంకో అర చెంచా పంచదార వేస్తే పోలా? దానికి రెండు రోజుల తపస్సు ఎందుకు?

నాకు తెలిసి ఇంట్లో పిజ్జా చేయాలన్న బుద్ధి సాయంత్రం అయిదింటికి పుడుతుంది. "రేపటికి ఆకలేస్తుందేమో, ఇవాళే పిండి కలుపుదాం" అనుకునేవాళ్లు ఎంతమంది ఉంటారండీ? ఫ్రిజ్ పద్ధతి రుచిగా ఉండదని నేననను. కానీ మొదటిసారి చేసేవాళ్లకి ఆ షరతు పెడితే వాళ్లు అసలు పిండే కలపరు, బయటినుంచి తెప్పించుకుంటారు. పిండిచేతులు గారి పద్ధతే నేను నలుగురికి నేర్పాను, నలుగురూ ఇప్పటికీ చేసుకుంటున్నారు. నిదానం గారు ఎంతమందికి నేర్పారో?

నిదానం

ఇద్దరికి. ఒకరు మానేశారు. ఒప్పుకుంటున్నాను :)

పంచదార రంగు తెస్తుంది, తీపి కూడా తెస్తుంది. పులిసిన వాసన మాత్రం తేలేదు.

తూకంరాయి

ఇద్దరూ "అసలు పిజ్జా" అన్న మాట మీద తగవాడుతున్నారు గనక అసలుదాని లెక్క చెబుతాను. నేపుల్స్ పిజ్జాకి యూరోపియన్ యూనియన్ 2010లో సంప్రదాయ వంటకంగా రక్షణ ఇచ్చింది. దాని నిబంధనల్లో పిండి కొలత ఉంది: లీటరు నీళ్లకి సుమారు 1.8 కిలోల పిండి, 50 నుంచి 55 గ్రాముల ఉప్పు, ఈస్ట్ 3 గ్రాములు. అదీ తాజా ఈస్ట్, మన పొడి ఈస్ట్ కన్నా బలం తక్కువది. నూనె లేదు, పంచదార లేదు. మొదట రెండు గంటలు పొంగాలి, ముద్దలు చేశాక మరో నాలుగు నుంచి ఆరు గంటలు. ఫ్రిజ్ ఊసే లేదు, అంతా గది వేడిలోనే.

అంటే ఆ లెక్కన రెండు గంటల పిండీ తప్పే, రెండు రోజుల పిండీ తప్పే. ఇప్పుడు మీ ఇద్దరూ కలిసి నా మీద పడండి.

అయితే ఆ నిబంధనలు రాసింది 485 డిగ్రీల కట్టెల పొయ్యికి. అందులో పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో కాలిపోతుంది. ఇంటి ఓవెన్ 250 దగ్గరే ఆగిపోతుంది, ఎనిమిది పది నిమిషాలు పడుతుంది. అంతసేపు లోపలుంటే నూనె లేని పిండి ఎండి గట్టిపడుతుంది. కాబట్టి పిండిచేతులు గారు వేసే నూనె, పంచదార ఇంటి ఓవెన్‌కి తగినవే. వాటిని చూసి ఎవరూ నవ్వక్కర్లేదు.

మధ్యేమార్గం ఒకటుంది. రాత్రి పడుకోబోయే ముందు 100 గ్రాముల పిండి, 100 గ్రాముల నీళ్లు, చిటికెడు కన్నా తక్కువ ఈస్ట్ కలిపి బయటే మూత పెట్టి ఉంచండి. దీన్ని పూలిష్ అంటారు. పొద్దున బుడగలు కట్టి, కాస్త పుల్లటి వాసన వేస్తుంది. మిగతా పిండి, నీళ్లు, ఉప్పు, మరో గ్రాము ఈస్ట్ దానికి చేర్చి కలుపుకుంటే మధ్యాహ్నానికి సిద్ధం. కష్టం రెండు నిమిషాలు, రుచి మాత్రం ఒకరోజు పిండికి దగ్గరగా వస్తుంది.

కొత్తచెయ్యి

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నా పిండి గంటకీ పొంగలేదు, రోజుకీ పొంగలేదు. నీళ్లు బాగా వేడిగానే పోశాను.

ఆకలివేళ

ఆ "బాగా" దగ్గరే వచ్చింది చిక్కు. 55 డిగ్రీలు దాటితే ఈస్ట్ చచ్చిపోవడం మొదలవుతుంది. వేలు పెడితే హాయిగా అనిపించాలి, చురుక్కుమనకూడదు. మీది ఇన్‌స్టంట్ కాకుండా గుళికల్లా ఉండే యాక్టివ్ డ్రై ఈస్ట్ అయితే ముందు గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు వేసి చూడండి. నురగ రాకపోతే ఆ డబ్బా పారేయండి, పిండి వృథా చేయకండి.

ఓవెన్‌మంట

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అందరూ పిండి మీద పడ్డారు. అంచు తెల్లగా ఉండడానికి సగం కారణం ఓవెన్. దీపం ఆరగానే వేడెక్కింది అనుకుంటారు. అప్పటికి లోపలి గాలి మాత్రమే వేడెక్కుతుంది. బేకింగ్ రాయి గానీ, మందపాటి ఇనుప పెనం గానీ, ఏదీ లేకపోతే బోర్లించిన బరువైన ట్రే గానీ లోపల పెట్టి, ఓవెన్‌ని చివరిదాకా తిప్పి, 45 నిమిషాలు కాగనివ్వండి. ఆ తర్వాత పిజ్జాని దానిమీదకి జార్చండి. మీ రెండు గంటల పిండే ఎలా ఎగురుతుందో చూడండి.

నిదానం గారికి ఒక ప్రశ్న. మీరు వాడేది బ్రెడ్ పిండా, మామూలు మైదానా? పిండిచేతులు గారు మైదా అన్నారు. రెండు రోజులు నానడానికి 12, 13 శాతం ప్రొటీన్ ఉన్న పిండి కావాలి. చాలా మైదాల్లో అంత ఉండదు. అలాంటి మైదాని 72 గంటలు ఉంచి చూశాను. జారిపోయి, చేతికి అంటుకుని, ఎత్తబోతే మధ్యలో చిరిగింది. ఎంజైములు మీరన్న పనే చేశాయి, కాకపోతే ఆగకుండా చేశాయి. "ఎంత ఆగితే అంత మంచిది" అన్న మాట అన్ని పిండ్లకీ చెల్లదు.

నిదానం

బ్రెడ్ పిండే. ఈ సంగతి ముందే చెప్పాల్సింది, నాదే తప్పు. మైదా అయితే 24 గంటల దగ్గర ఆపేయండి.

పొట్టచల్లన

నేను విన్నదేమిటంటే, రెండు రోజులు పులిస్తే గ్లూటెన్ (గోధుమ పిండికి సాగే గుణం ఇచ్చే ప్రొటీన్) అంతా పోతుందట. గ్లూటెన్ పడనివాళ్లు కూడా తినొచ్చట. ఆ ఒక్క కారణానికైనా ఫ్రిజ్ పద్ధతే మేలు కదా?

తూకంరాయి

కాదండీ, దయచేసి ఈ మాట ఎవరికీ చెప్పకండి. గ్లూటెన్ పోతే ఆ పిండి సాగదు, గ్యాస్ నిలవదు, పొంగదు. రెండు రోజుల తర్వాత కూడా అది సాగుతోందంటే గ్లూటెన్ ఉన్నట్టే. సీలియాక్, అంటే గ్లూటెన్ పడని జబ్బు, ఉన్నవాళ్లకి గోధుమ పిజ్జా ఎన్ని రోజులు పులిసినా హానే. ఎక్కువ పులిసినది పొట్టకి తేలిగ్గా అనిపిస్తుందని కొందరు అంటారు, అది వాళ్ల వాళ్ల అనుభవం. జబ్బు సంగతి వేరు.

గంటాగడియారం

మాటలతో తేలేది కాదని పోయిన ఆదివారం రెండూ చేశాను. పిండి ఒక్కటే, నీళ్లు 65 శాతం, ఉప్పు 2 శాతం, నూనె సమానం. పంచదార రెండిటిలోనూ వేయలేదు. ఒకటి 7 గ్రాముల ఈస్ట్‌తో గంటన్నర పొంగింది, రెండోది గ్రామున్నరతో ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంది. ఓవెన్‌మంట గారు చెప్పినట్టే పెనం బాగా కాచి, ముందు ఏమీ వేయకుండా ఉత్త రొట్టెలు కాల్చి, నలుగురికి కళ్లు మూయించి పెట్టాను. ముగ్గురు ఫ్రిజ్ దాన్నే మెచ్చారు. ఒకాయన రెండూ ఒకటే అన్నాడు, ఆయనకి జలుబు.

తర్వాత సాస్, చీజ్, ఉల్లిపాయ వేసి మళ్లీ కాల్చాను. ఈసారి ఒక్కరూ పోల్చలేకపోయారు. నేనూ ఊహించే చెప్పాను, తప్పు చెప్పాను.

రుచికన్నా నాకు ఎక్కువ తేడా కనిపించింది చేతికింద. గంటన్నర పిండిని ఎంత లాగినా రబ్బరులా వెనక్కి పోయింది, విసుగొచ్చి అప్పడాల కర్ర తీయబోయాను. (తీయలేదు. కర్రతో ఒత్తితే అంచులో ఉన్న గాలంతా బయటికి పోతుంది, ఇంతసేపు పొంగించింది దండగ.) పది నిమిషాలు మూత పెట్టి వదిలేశాక లొంగింది. ఫ్రిజ్ పిండి మాత్రం వేళ్లతో నొక్కుతుంటే దానంతటదే వెడల్పయింది. అంచు మీద చిన్న చిన్న పొక్కులు కూడా లేచాయి, అవి మొదటిదానికి లేవు.

పిసకడం గురించి ఎవరూ మాట్లాడలేదు. ఫ్రిజ్ దాన్ని నేను రెండు నిమిషాలు కూడా పిసకలేదు, తడి కలిసేదాకా తిప్పి వదిలేశాను. తడిసిన పిండిలో గ్లూటెన్ దానంతటదే అల్లుకుంటుంది, కావలసింది టైమే. కాబట్టి ఆకలివేళ గారు భయపెట్టినంత కష్టమైన పద్ధతేం కాదు అది. చేతులకి అదే సుఖం. ముందురోజే గుర్తు రావాలి, అంతే.

ఆకలివేళ

చూశారా, చీజ్ వేశాక ఎవరికీ తెలియలేదు! కొండను తవ్వి ఎలుకను పట్టారు.

నిదానం

మీరు పిజ్జా అంచులు పక్కన పెట్టేసే రకమని ఇప్పుడర్థమైంది. ఎలుక ఉన్నదంతా ఆ అంచులోనేనండీ.

పిండిచేతులు

నాలుగు రోజులయింది, చెప్పడానికి వచ్చాను.

మా చెల్లెలికి చెప్పకుండా తన పద్ధతిలోనే కలిపాను. మైదా కాబట్టి ఒక్క రోజే ఉంచాను. తీరా చేసేటప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసిన ముద్దని తీసినట్టే సాగదీయబోయాను. గట్టిగా, మొండిగా ఉంది, బలవంతం చేస్తే రెండు చోట్ల చిల్లు పడింది. తనకి ఫోన్ చేస్తే పగలబడి నవ్వి, "గంటన్నర ముందే బయట పెట్టాలక్కా" అంది. ఇన్ని జవాబుల్లో ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదేం?

రెండో ముద్దని అలాగే బయట ఉంచి చేశాను. నిదానం గారూ, మీరు చూడకుండా చెప్పింది నిజమే, నా పాత అంచు తెల్లగానే ఉండేది. ఇది గోధుమరంగులో కాలింది, వాసన కూడా వేరుగా ఉంది. ఓవెన్‌మంట గారి పెనం వల్ల ఎంత, ఫ్రిజ్ వల్ల ఎంత అంటే చెప్పలేను. రెండూ ఒకేసారి మార్చేశాను మరి.

వారం మధ్యలో మాత్రం నా రెండు గంటల పిండే. ఈస్ట్ 7 నుంచి 4 గ్రాములకి తగ్గించాను. ఇంకో అరగంట ఎక్కువ పడుతోంది, ఆ ఈస్ట్ వాసన పోయింది. చెల్లెలితో మాత్రం ఇంకా ఏమీ ఒప్పుకోలేదు.

ఒక ముద్ద మిగిలింది. డీప్ ఫ్రీజర్‌లో పెట్టొచ్చా?

గంటాగడియారం

పెట్టొచ్చు. నూనె పూసి, గాలి లేకుండా సంచిలో చుట్టి పెట్టండి, ఒక నెలలోపు వాడేయండి. చేసే ముందురోజు రాత్రి కింది ఫ్రిజ్‌లోకి మార్చండి. ఆ తర్వాత గంటన్నర బయట, ఈసారి మర్చిపోకుండా.