ఒంటరి కొండ ప్రయాణం: ఇంట్లో కాగితం ఇచ్చి వెళితే చాలదా?

కొండదారి: బండి మీద ఒక్కడినే వెళ్లి, నాలుగు రాత్రులు కొండల్లో గుడారం వేసుకుని నిన్న తిరిగొచ్చాను. చాలాచోట్ల సిగ్నల్ లేదు. ఉపగ్రహ పరికరమేదీ తీసుకెళ్లలేదు, వెళ్లే దారిని కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చాను. అది చాలదని ఒక మిత్రుడు తిట్టిపోశాడు. మీరేమంటారు?

పాతచక్రం: చాలదు. వంతెన కొట్టుకుపోయి పక్కదారి పట్టి, అక్కడ కాలు విరిగితే? మీ కాగితం పట్టుకుని అందరూ వేరే లోయలో వెతుకుతుంటారు. ఉపగ్రహం ద్వారా రక్షణ బృందాలకు ఆపద సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ అత్యవసర బీకన్ ఉంటే మీట నొక్కడమే పని.

కొండదారి: ముందు ప్రమాదం రాకుండా చూసుకోవాలి. మంచు కరిగి వచ్చే వాగులు మధ్యాహ్నానికి పొంగుతాయని తెల్లవారగానే దాటాను. ఎత్తు వల్ల జబ్బు చేయకుండా, 3,000 మీటర్లు దాటాక రాత్రి బస ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచలేదు. చీకటి పడ్డాక బండి కదపలేదు.

చిరుగాలి: సైడ్ స్టాండ్ కింద పలక పెట్టారా?

కొండదారి: చదునైన రాయి పెట్టాను. రెండో రాత్రి వర్షానికి నేల మెత్తబడి బండి కాస్త ఒరిగింది.

పాతచక్రం: ఒరగడమేమిటి, పడింది అనండి. గుడారం మీద పడి ఉంటే?

కొండదారి: గుడారం కుడివైపు ఉంది. స్టాండ్ దిగబడితే బండి ఎడమకే పడుతుంది. సామాను విప్పి, గేరులో పెట్టి, వీపు ఆనించి కాళ్ల బలంతో లేపాను.

చిరుగాలి: రాయి అయితే జారుతుంది. పలకే మేలు.

వానకోయిల: వర్షమని గుడారంలో స్టవ్ వెలిగించలేదు కదా? మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుకు వాసన ఉండదు.

పాతచక్రం: మా తమ్ముడూ ఇలాగే కాగితం ఇచ్చి వెళ్లాడు. ఆదివారం రావలసినవాడు మంగళవారం వచ్చాడు, క్లచ్ తీగ తెగిందని నవ్వుతూ. ఆ రెండు రాత్రులూ మా అమ్మ గుమ్మం వదిలి లేవలేదు. ఆ నవ్వు నాకింకా గుర్తుంది.

కొండదారి: మీ తమ్ముడి మీద కోపం నా మీద తీర్చుకోకండి. నేను వెళ్లేదే ఎవరికీ అందకుండా ఉండటానికి. ఏడాది పొడవునా అందరికీ జవాబు చెబుతూనే ఉంటాను. ఆ నాలుగు రోజులు కూడా ‘ఎక్కడున్నావు, తిన్నావా’ అనే సందేశాలు నా వల్ల కాదు.

పాతచక్రం: అలా చెప్పండి! భయం ప్రమాదం గురించి కాదు, ఇంటివాళ్ల గురించి. నేను చెప్పిన బీకన్‌కు ఎవరూ సందేశం పంపలేరు. అది పిలుస్తుంది, అంతే. మొదటి జవాబు మళ్లీ చదవండి.

కొండదారి: నమోదు చేసేటప్పుడు ఇంటివాళ్ల నంబరు ఇవ్వాలి కదా. పొరపాటున మీట నొక్కుకుంటే వాళ్లకే ఫోను వెళ్లదా?

వానకోయిల: నేను బండి నడపను. మా ఇంట్లో కాగితం పట్టుకుని కూర్చునేది నేనే. దారి పటం నాకెందుకు? ఏ రోజు, ఎన్ని గంటలు దాటితే కంగారు పడాలో, అప్పుడు ఎవరికి ఫోను చేయాలో రాసి ఉండాలి. మీ కాగితంలో ఉందా?

కొండదారి: తేదీ ఉంది.

వానకోయిల: గంట? నంబరు?

కొండదారి: లేవు.

చిరుగాలి: ఆ రాయి ఎంత వెడల్పు ఉంటుంది?