సెయింట్ బెర్నార్డ్‌ని హైదరాబాద్ ఫ్లాట్‌లో పెంచొచ్చా?

కొండాపూర్ నాన్న:
మాది కొండాపూర్‌లో నాలుగో అంతస్తు, మూడు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. పాపకి ఎనిమిదేళ్లు. సెయింట్ బెర్నార్డ్ కావాలని ఆరు నెలలుగా ఒకటే పోరు. కుక్కపిల్లలు అమ్మే ఒకాయన దగ్గర చూసొచ్చాం, ఐదు వేలు అడ్వాన్స్ కూడా ఇచ్చేశాను. అది పాప ఒళ్లోకెక్కి నిద్రపోయింది, ఇంకేం కావాలి? మా ఆవిడ మాత్రం "మన ఎండలకి దాన్ని తెచ్చి చంపుతారా" అంటోంది. ఏసీ ఉందిగా అంటాను నేను. పెంచినవాళ్లు చెప్పండి, ఎవరిది రైటు?

హిమజ:
ఏసీ ఉందిగా అనే మాట మేమూ అన్నామండీ. మా బ్రూనో 72 కిలోలు, ఎనిమిదో ఏట పోయాడు. అంత మెత్తని ప్రాణిని మళ్లీ చూడలేదు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఆవిడ హాల్లో నడుస్తుంటే పక్కనే అడుగులో అడుగు వేసేవాడు, ఆవిడ ఆగితే ఆగేవాడు. మా చిన్నవాడు వాడి చెవి పట్టుకునే లేచి నిలబడడం నేర్చుకున్నాడు. తోక ఊపితే టీపాయ్ మీది గ్లాసులు కింద, తల విదిలిస్తే చొంగ గోడ మీద. తుడుచుకున్నాం, దానికేం బాధ లేదు.

ఒక మే నెల మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లే తిరుగుతాయి. మూడింటికల్లా వాడు బాత్రూంలోకి పోయి తూము మీద దవడ ఆనించి పడుకున్నాడు. నాలుక ముదురు ఎరుపు. పిలిస్తే తోక కదల్లేదు. లిఫ్ట్ ఎలాగూ లేదు. దుప్పట్లో వేసి నలుగురం మూడంతస్తులు దింపాం. వాచ్‌మన్ చేతులు వణకడం నాకింకా గుర్తే. ఆ రోజు బతికాడు. ఆ తర్వాత ప్రతి వేసవీ టెన్షనే. మీ ఆవిడది రైటు.

బీచ్‌రోడ్ ల్యాబ్:
ఈ వాదన నాకు నచ్చదు. లాబ్రడార్ మాత్రం మన ఊరిదా? దాని పూర్వీకులు ఇప్పటి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో, చన్నీళ్లలో జాలర్లతో పని చేసిన కుక్కలు. వాటిని వీధికొకళ్లు పెంచుతున్నారు, ఎవరూ పాపం అనరు. నా ల్యాబ్‌కి పదకొండేళ్లు, వైజాగ్ ఉక్కపోతలోనే పెరిగింది. పొద్దున్న ఆరులోపు, రాత్రి ఎనిమిది దాటాక నడిపిస్తాను. శ్రద్ధ ఉంటే ఏదైనా పెరుగుతుంది.

కాంపౌండర్:
పెంపుడు జంతువుల ఆసుపత్రిలో పని చేస్తాను. రెండూ ఒకటి కాదు అన్నా. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల దగ్గర కాస్త, అంతే. రొప్పడమే దాని కూలర్. గాల్లో తేమ పెరిగితే ఆ కూలరూ సరిగా పని చెయ్యదు. ఒళ్లు పెద్దదయ్యే కొద్దీ లోపలి వేడి బయటికి పోవడం ఆలస్యం. మీ ల్యాబ్ ముప్పై కిలోలుంటే ఇది దానికి రెట్టింపు పైమాటే, మీద దట్టమైన బొచ్చు. మామూలుగా కుక్క ఒంటి వేడి 38, 39 డిగ్రీలుంటుంది. ఎండదెబ్బకి అది 41 దాటిందంటే ప్రాణం మీదికొచ్చినట్టే. కొందరు వేసవి రాగానే గుండు గీయించి తెస్తారు. ఆ పని చెయ్యకండి, ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది.

కార్యదర్శి:
మా అపార్ట్‌మెంట్‌లో పెద్ద కుక్కలు వద్దని తీర్మానం చేసేశాం. గొడవే లేదు.

బీచ్‌రోడ్ ల్యాబ్:
చెల్లదు సార్. భారత జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాలు చూడండి. ఎంతమంది ఓటేసినా పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం అసోసియేషన్‌కి లేదు. లిఫ్ట్ ఎక్కొద్దనడానికీ లేదు.

హిమజ:
లిఫ్ట్ ఎక్కే హక్కు సరే. అది ఆగిపోయిన రోజు మోసేదెవరు?

పాత సంగతులు:
ఈ జాతి ఎక్కడిదో కూడా చూడండి. ఆల్ప్స్‌లో గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ, 2,469 మీటర్ల ఎత్తు. అక్కడి మఠంలో సన్యాసులు వీటిని పెంచారు. మంచులో చిక్కుకున్న బాటసారుల్ని వెతికేవి. 1814లో చనిపోయిన బ్యారీ అనే కుక్క నలభై మందిని కాపాడిందని చెబుతారు, దాని చర్మంతో చేసిన బొమ్మని స్విట్జర్లాండ్‌లోని బెర్న్ మ్యూజియంలో ఇప్పటికీ చూడొచ్చు. (బొమ్మల్లో ఈ కుక్కల మెడలో కనిపించే బ్రాందీ పీపా మాత్రం బొమ్మలేసేవాళ్ల కల్పన.) 2005 నుంచి మఠం కుక్కల బాధ్యత బ్యారీ పేరుతో పెట్టిన ఒక ఫౌండేషన్‌ది. చలికాలమంతా కింద మార్టిన్యీ ఊళ్లో ఉంచి, వేసవి రాగానే పైకి కనుమకి తీసుకెళ్తారు. స్విట్జర్లాండ్‌లోనే వేసవికి కొండెక్కే కుక్కని మనం కొండాపూర్ ఎక్కిద్దామా?

కాంపౌండర్:
😀 నాటు కుక్కపిల్లని తెచ్చుకోమంటే ఎవరూ వినరు.

కొండాపూర్ నాన్న:
నిన్న ఆదివారం మధ్యాహ్నం మెయిన్ ఆపేసి నేనూ పాపా హాల్లో కూర్చున్నాం, చూద్దామని. ముప్పావు గంట పట్టలేదు, పాప గౌను ఎత్తి ముఖం తుడుచుకుంటూ "వాడికి బొచ్చు కూడా ఉంటుంది కదా నాన్నా" అంది. ఆవిడ వంటింట్లోంచి చూసి ఏమీ అనలేదు, అదే పెద్ద మాట. అమ్మేవాడు అడ్వాన్స్ వెనక్కి ఇవ్వడట, ల్యాబ్ తీసుకుంటే సర్దుతాడట. బీచ్‌రోడ్ గారూ, ల్యాబ్‌కి తిండి ఖర్చు నెలకి ఎంతవుతుంది?

బీచ్‌రోడ్ ల్యాబ్:
తిండి సంగతి తర్వాత. ముందు మంచి చీపుర్లు రెండు కొనండి. బొచ్చు సాంబార్లో కూడా తగులుతుంది.